ఆరు రకాల విడి ఆకు టీ, ఆరూ చేదే! తప్పు ఆకుదా, నా నాలుకదా?

వేడినీళ్ళు:

పుట్టినరోజుకి స్నేహితుడొకడు ఆరు చిన్న డబ్బాలున్న పెట్టె ఇచ్చాడు. ఒక్కో డబ్బాలో 20 గ్రాముల విడి ఆకు. లాంగ్‌జింగ్ (చైనా గ్రీన్ టీ), గ్యొకురో (జపాన్ గ్రీన్ టీ), సిల్వర్ నీడిల్ (తెల్ల టీ), డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్ (ఏడాదిలో తొలి కోత), టీగ్వాన్‌యిన్ అనే ఊలాంగ్ (గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్యరకం), అస్సాం ఆర్థడాక్స్ (బ్లాక్ టీ). నేను ఇంతవరకు టీబ్యాగు ముంచుకుని తాగే రకం. పెట్టె తెరవగానే వాసనకే సగం పడిపోయాను.

ఏం చేశానో ఉన్నది ఉన్నట్టు చెప్తాను, నవ్వకండి. కెటిల్లో నీళ్ళు కళపెళా మరిగించాను. 300 మి.లీ. పట్టే మగ్గులో ఒక స్పూను ఆకు వేసి, నిండా నీళ్ళు పోసి, ఫోన్‌లో 5 నిమిషాలు టైమర్ పెట్టి కూర్చున్నాను. ఆరింటికీ ఇదే పద్ధతి. ఎవరికీ అన్యాయం జరగకూడదు కదా అని.

లాంగ్‌జింగ్ గడ్డి ఉడకబెట్టిన నీళ్ళలా ఉంది. గ్యొకురో అయితే, అన్నిటికంటే ఖరీదైనది అదేనని వాడు మరీ మరీ చెప్పాడు, మూడు గుక్కలకే నాలుక మీద ఎవరో సుద్దముక్క రుద్దినట్టయింది. సిల్వర్ నీడిల్‌లో రుచే లేదు, ఉత్త వేడినీళ్ళు (నా పేరు అలా వచ్చిందే). టీగ్వాన్‌యిన్ చిన్న చిన్న ఉండల్లా ఉంటే ‘ఇంతేనా’ అని స్పూను నిండా గుమ్మటంలా వేశాను. 5 నిమిషాల్లో అవి విచ్చుకుని సగం మగ్గు ఆక్రమించాయి. తాగుదామంటే పెదాలకి ఆకులే తగిలాయి. డార్జిలింగ్ మొదటి గుక్క బాగుంది, తర్వాత చేదెక్కింది. అస్సాం ఒక్కటే ‘ఇది టీ’ అనిపించింది.

డబ్బాల మీదేమో ‘ఆర్కిడ్ పువ్వు’, ‘తేనె’, ‘వసంతపు పచ్చిక’ అని రాసుంది. నాకు ఏ పువ్వూ తగల్లేదు. రెండేసి సార్లు ప్రయత్నించాను, ఒక్కోదాంట్లో సగానికి పైగా ఆకు మిగిలుంది. ఇవన్నీ రాసేవాళ్ళు ఊహించుకుని రాస్తారా, లేక నా నాలుకకే ఆ భాగ్యం లేదా? మిగిలిన ఆకు పాడుచేయకుండా ఏం చేయాలో చెప్పండి.

ముక్కుసూటి:

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. నాలుకకేం కాలేదు. గ్రీన్ టీ మీద మరిగే నీళ్ళు పోస్తే ఎవరికైనా చేదే. నీళ్ళు 80 డిగ్రీలకి చల్లార్చి, 2 నిమిషాలకి వడగట్టేయండి. ఆరూ బాగుంటాయి. అంతే సంగతి.

మూడోకప్పు:

వేడినీళ్ళు గారూ, ముందుగా గ్యొకురో విషయంలో మీరు ఒంటరి కాదు. నేను జీవితంలో మొదటిసారి కొన్న గ్యొకురోని మరిగే నీళ్ళలో వేసి, చేదుగా ఉందని చక్కెర కూడా కలిపాను. బూడిదలో పోసిన పన్నీరు. ఆ డబ్బా ఇప్పటికీ దాచుకున్నాను, బుద్ధి కోసం.

ముక్కుసూటి గారు చెప్పింది సగం నిజం. ఆరిటికీ 80 అంటే మాత్రం ఒప్పుకోను. అస్సాంని 80 డిగ్రీల్లో నానబెట్టి చూడండి, చప్పగా, ఉతికిన గుడ్డ పిండిన నీళ్ళలా ఉంటుంది. మీ పొరపాటు వేడి ఒక్కటే కాదు. అసలు దొంగ స్పూను.

నేను ఒకసారి ఇదే అనుమానం వచ్చి తూచాను. అదే స్పూనుతో టీగ్వాన్‌యిన్ ఉండలు 4 గ్రాముల పైన తూగాయి. సిల్వర్ నీడిల్ ఒక గ్రాము కూడా రాలేదు. అవి నూగు పట్టిన పొడవాటి మొగ్గలు, స్పూనులో అడ్డంగా పడి మధ్యలో గాలే ఎక్కువ ఉంటుంది. అంటే మీరు 300 మి.లీ. నీళ్ళలో గ్రాము ఆకు వేసి ‘రుచి లేదు’ అంటున్నారు. పాపం దానికి మాట్లాడే అవకాశమే రాలేదు. కాబట్టి మొదట గ్రాములో పదో వంతు చూపించే చిన్న తూకం సంపాదించండి. థర్మామీటర్ కంటే అదే ముఖ్యం. మగ్గు పక్కనపెట్టి 100, 150 మి.లీ. పట్టే చిన్న గిన్నె తీసుకోండి.

రెండోది. మీరు అన్నిటినీ ‘చేదు’ అనేశారు. కానీ సుద్దముక్క రుద్దినట్టుంది అన్నారు చూడండి, అది చేదు కాదండీ, వగరు. మనకి ఆరు రుచుల్లో రెండూ వేరువేరుగా ఉన్నాయి, వాడుకోవాలి మరి. చేదు నాలుక గుర్తుపట్టే రుచి. వగరు నిజానికి స్పర్శ లాంటిది: ఆకులోని కాటెకిన్లు అనే పదార్థాలు లాలాజలంలోని ప్రొటీన్లని పట్టుకుని ముద్ద చేస్తాయి, దాంతో నోట్లో జారుడుతనం పోయి గరుకుగా అనిపిస్తుంది. మింగాక నాలుకతో అంగిలి తడిమి చూసుకోండి, పట్టుకుంటే వగరు. ఎందుకు చెప్తున్నానంటే అస్సాంలో ఆ పట్టు ఉండాల్సిందే, అదే దానికి చురుకుదనం. గ్యొకురోలో అది కనిపించిందంటే మనం ఏదో తప్పు చేశామని.

ఇక గ్యొకురో. కోతకి ముందు సుమారు 20 రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, తోటకి పందిరి వేసి ఎండ తగలకుండా కప్పేస్తారు. ఎండ తగిలితే ఆకులోని థియనిన్ అనే అమైనో ఆమ్లం కాటెకిన్లుగా మారుతుంది, అంటే కమ్మదనం వగరుగా మారుతుంది. అది జరగకుండా నీడలో పెంచుతారు. థియనిన్ గోరువెచ్చని నీళ్ళలోనే కరిగిపోతుంది. కాటెకిన్లు బాగా దిగాలంటే వేడి కావాలి. మూడు వారాలు వాళ్ళు ఎండ నుంచి కాపాడిన ఆకుని మనం మరిగే నీళ్ళలో పడేస్తున్నాం! 5 గ్రాముల ఆకు, 60 మి.లీ. నీళ్ళు, 55 డిగ్రీలు, 2 నిమిషాలు. చివరి బొట్టు దాకా వంచండి. వచ్చేది మూడు నాలుగు గుక్కలే. దాహానికి తాగేది కాదు అది. ఆకు పారేయకండి, రెండోసారి 60 డిగ్రీల్లో అర నిమిషం, మూడోసారి ఇంకొంచెం వేడిగా.

టీగ్వాన్‌యిన్ దీనికి పూర్తిగా ఉల్టా. చైనాలో ఫూజియన్‌లోని ఆన్‌శీ దాని పుట్టిల్లు. కోసిన ఆకుని వెదురు జల్లెళ్ళలో, డ్రమ్ముల్లో కుదుపుతారు. అంచులు నలుగుతాయి, నలిగిన చోట గాలి తగిలి ఆక్సిడేషన్ మొదలవుతుంది, మధ్యభాగం పచ్చిగానే ఉంటుంది. కొంత దూరం పోనిచ్చి వేడితో ఆపేసి, గుడ్డలో మూటకట్టి ఉండలు చుడతారు. తాగడం అయ్యాక ఒక ఆకు విప్పి తెల్ల పళ్ళెంలో పరవండి, చాలాసార్లు అంచున ఎర్రటి గీత కనిపిస్తుంది. (కొందరు తయారుచేసేవాళ్ళు ఆ ఎరుపు అంచుని దులిపేస్తారు కూడా, కనపడకపోతే మోసం అనుకోకండి.) దీనికి నీళ్ళు 95 పైనే ఉండాలి, ఉండ విచ్చుకోవాలి కదా. 100 మి.లీ. గిన్నెకి 5 గ్రాములు. మొదట నీళ్ళు పోసి 5 సెకన్లలో పారబోయండి, ఆకు మేలుకుంటుంది. తర్వాత 20 సెకన్లు నానబెట్టి వంచండి. ఆపైన 20, 30, 40... ఇలా పెంచుకుంటూ పొండి. ఆరేడు సార్లు వస్తుంది. మొదటిది ముభావంగా ఉంటుంది, మూడోదాంట్లో నోరు విప్పుతుంది. నా పేరు అందుకే ఇలా పెట్టుకున్నాను. మూత ఉన్న గిన్నె అయితే వంచగానే ఆ మూత లోపలి వైపు వాసన చూడండి. డబ్బా మీద రాసిన ఆర్కిడ్ ఉంటే అక్కడే ఉంటుంది, కప్పులో వెతక్కండి.

మిగిలినవి పెద్ద కష్టం లేదు. లాంగ్‌జింగ్ 3 గ్రాములు, 150 మి.లీ., 80 డిగ్రీలు, 2 నిమిషాలు. జపాన్ గ్రీన్ టీలు చాలావరకు ఆవిరి పట్టినవి, ఇది ఇనుప మూకుడులో చేత్తో అదిమి వేపింది, అందుకే ఆకు అంత చదునుగా ఉంటుంది. గడ్డి వాసన తగ్గి, వేపిన గింజల వాసన వచ్చిందంటే మీరు దారిలో పడ్డట్టే. డార్జిలింగ్‌కి 88, 90 దగ్గర 3 నిమిషాలు, అంతకు మించొద్దు. దాన్ని బ్లాక్ టీ అంటారు గానీ ఫస్ట్ ఫ్లష్ ఆకు పచ్చపచ్చగానే ఉంటుంది. బాగా వాడబెట్టడం వల్ల ఆక్సిడేషన్ పూర్తికాకముందే ఆగిపోతుంది. అస్సాంకి మరిగే నీళ్ళు, 4 నిమిషాలు.

వేడినీళ్ళు:

స్పూను సంగతి అస్సలు తట్టలేదు! చాలా థాంక్సండీ. రెండు అనుమానాలు. ఒకటి, నా దగ్గర థర్మామీటర్ లేదు, 55 డిగ్రీలని ఎలా తెలుసుకోవడం? రెండు, ‘రుచి చూడటం’ అంటే ఏం చేయాలి? నేను మింగేశాక ‘బాగుంది’, ‘బాలేదు’ తప్ప ఇంకేం తోచదు. అందరూ అన్నేసి పేర్లు ఎలా చెప్తారు?

ల్యాబ్‌పిల్లి:

థర్మామీటర్ లేకపోయినా పర్లేదు, కప్పులు ఉంటే చాలు. మరిగిన నీళ్ళని చల్లని కప్పులోకి పోస్తే సుమారు 10 డిగ్రీలు పడిపోతుంది. దాన్నుంచి ఇంకో కప్పులోకి పోస్తే ఇంకో ఐదు నుంచి పది. జపాన్‌లో నీళ్ళు చల్లార్చడానికని ‘యుజమషి’ అని ఒక పాత్రే విడిగా ఉంటుంది, పని ఇదే. లాంగ్‌జింగ్‌కి రెండు కప్పులు మార్చండి. గ్యొకురోకి నాలుగు మార్చి, కప్పుని అరచేతుల్లో ఇబ్బంది లేకుండా పట్టుకోగలిగితే దగ్గర్లో ఉన్నట్టే. కప్పు మందం బట్టి, గది చల్లదనం బట్టి తేడా వస్తుంది గనక ఎవరి దగ్గరైనా థర్మామీటర్ ఉంటే ఒక్కసారి అరువు తెచ్చి మీ కప్పులకి మీరే లెక్క కట్టుకోండి. జీవితాంతం పనికొస్తుంది. ఇదే కారణంతో అస్సాంకి తిరకాసు: చల్లటి మగ్గులో పోస్తే మీ ‘మరిగే నీళ్ళు’ ఆకుని చేరేసరికి 90. ముందు మగ్గుని వేడినీళ్ళతో తొలవండి. ఎత్తైన చోట ఉండేవాళ్ళకి ఇంకో చిక్కు, ప్రతి 300 మీటర్లకీ నీళ్ళు మరిగే వేడి ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది.

నీళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. అస్సాం చేసినప్పుడు పైన నూనె తెట్టులాంటి పొర తేలిందా? తేలితే మీ నీళ్ళలో కాల్షియం, బైకార్బనేట్ ఎక్కువ. అలాంటి నీళ్ళలో డార్జిలింగ్ వాసన చచ్చిపోతుంది, రంగు మాత్రం మురికిగా దిగుతుంది. అలాగని డిస్టిల్డ్ వాటర్ వాడకండి, అందులో టీ డొల్లగా ఉంటుంది. ఖనిజాలు తక్కువగా ఉన్న మామూలు తాగే నీళ్ళు చాలు. రెండు రకాల నీళ్ళతో ఒకే ఆకుని పక్కపక్కన చేసి చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది.

ఇంకో మాట. అన్నిటినీ సమానంగా చూడాలన్న మీ ఆలోచన పిచ్చిది కాదు. వృత్తిగా టీ రుచి చూసేవాళ్ళు చేసేది అచ్చం అదే. దానికి ఐఎస్‌ఓ 3103 అని అంతర్జాతీయ ప్రమాణమే ఉంది, 1980లో వచ్చింది. 100 మి.లీ. నీళ్ళకి 2 గ్రాముల ఆకు, మరిగే నీళ్ళు, 6 నిమిషాలు. అంటే మీకంటే ఘోరం! దాని బ్రిటిష్ మాతృకైన బీఎస్ 6008కి 1999లో ఇగ్ నోబెల్ (నోబెల్‌కి సరదా అనుకరణ) సాహిత్య బహుమతి కూడా ఇచ్చారు, టీ పెట్టడం గురించి ఆరు పేజీలు రాసినందుకు. అయితే అది తాగి ఆనందించడానికి కాదు. అంతలా ఊరబెడితే ఆకులో దాక్కున్న లోపాలన్నీ బయటపడతాయి, పోల్చడం తేలిక. వాళ్ళు జుర్రుకుని ఉమ్మేస్తారు. మీరు పరీక్ష పద్ధతిలో పెట్టి విందులా తాగబోయారు, గొడవ అక్కడ.

మూడోకప్పు:

రుచి చూడటం గురించి అడిగారు కదా. ముందు ఒక చిన్న ప్రయోగం. ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క డార్జిలింగ్ నోట్లోకి తీసుకోండి. చేదు, వగరు, కాస్త తీపి తప్ప ఇంకేం తెలియదు. ఇప్పుడు మింగి ముక్కు వదలండి. ఒక్కసారిగా లోపల్నుంచి వాసన లేస్తుంది. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం గొంతు వెనక నుంచి ముక్కుకి ఎక్కే వాసనే. జుర్రుకుంటూ తాగమనేది కూడా అందుకే, గాలితో కలిసి తుంపరలైతే వాసన పైకి పోతుంది. పక్కన ఎవరూ లేనప్పుడు చేయండి, మా ఇంట్లో నన్ను వేరే గదిలోకి పంపించేస్తారు.

పొగలు కక్కుతున్నప్పుడు తొందరపడొద్దు. నేను ఒకే కప్పుని మూడుసార్లు రుచి చూస్తాను: వేడిగా, గోరువెచ్చగా, పూర్తిగా చల్లారాక. చల్లారిన టీ అబద్ధం చెప్పదు. వేడిగా ఉన్నప్పుడు బాగున్నట్టు నటించినవి చల్లారాక పులిసిన వాసనతో దొరికిపోతాయి. అస్సాం చల్లారాక మబ్బు పట్టినట్టు అయితే పాడైందనుకోకండి, కెఫీన్, థియాఫ్లేవిన్లు (బ్లాక్ టీకి రంగునిచ్చే పదార్థాలు) లాంటివి చల్లబడ్డాక ఒకదాన్నొకటి పట్టుకుని అలా అవుతుంది. అది గట్టి టీకి గుర్తు.

పేర్ల గురించి బెంగ పెట్టుకోకండి. డబ్బా మీద ఉన్న ఆర్కిడ్‌ని నేను ఎప్పుడూ దగ్గర్నుంచి వాసన చూసి ఎరగను, మరి నాకెలా గుర్తుకొస్తుంది? నా నోట్‌బుక్‌లో ఇలాంటివి ఉంటాయి: ‘ఇస్త్రీ చేస్తున్న నూలు చీర’, ‘వాన పడబోయే ముందు గాలి’, ‘పాత చెక్క బీరువా తలుపు తీసినప్పుడు’. రెండోసారి అదే టీ తాగినప్పుడు అదే మాట మళ్ళీ తోచిందంటే అది ఊహ కాదన్నమాట. ఒక్క టీ తాగి ఏమీ చెప్పలేం, రెండు పక్కపక్కన పెట్టుకోవాలి. లాంగ్‌జింగ్, డార్జిలింగ్ జత కట్టి చూడండి, రెండూ పచ్చగానే ఉంటాయి, రెండు పచ్చదనాలూ వేరు.

ముక్కుసూటి:

మీరంతా కలిసి పాపం ఆయన్ని లేబరేటరీలో కూర్చోబెట్టేలా ఉన్నారు. తూకం, నాలుగు కప్పులు, ముక్కు మూసుకోవడం. టీ తాగేది టెన్షన్ తగ్గడానికా, పెంచుకోవడానికా?

నేను పదేళ్ళుగా చూపుతోనే నెట్టుకొస్తున్నాను. గిన్నెలో నీళ్ళు పెట్టి చూస్తూ ఉంటా. అడుగున రొయ్య కళ్ళంత బుడగలు లేస్తే 70, 75. చేప కళ్ళంత అయితే 80. అంచుల వెంట ముత్యాల పేరులా వరుస కడితే 90 దాటినట్టు. ఇది నా సొంత తెలివి కాదు, చైనావాళ్ళు ఎప్పుడో పెట్టుకున్న పేర్లు. ఇప్పటిదాకా నా లాంగ్‌జింగ్ చెడిపోలేదు. అస్సాం విషయంలో మూడోకప్పు గారు అన్నది ఒప్పుకుంటున్నా, ఆరిటికీ 80 అన్నది తొందరపాటే.

మూడోకప్పు:

ముక్కుసూటి గారూ, పదేళ్ళు చూశాక మీ కళ్ళే థర్మామీటర్ అయ్యాయి. కొత్తవాళ్ళకి ఆ కళ్ళు వచ్చేలోపు డబ్బాలు ఖాళీ అయిపోతాయండీ. చేతి అంచనాలో గ్రాము ఇటూ అటూ అయితే మీకు తాగగానే తెలుస్తుంది, ఆయనకి తెలియదు. నేను కూడా రోజూ తూచను. కొత్త ఆకు వచ్చిన మొదటి వారం మాత్రమే.

వేడినీళ్ళు:

రెండు వారాలైంది. నివేదిక సమర్పిస్తున్నాను.

తూకం కొన్నాను. మొదటి పని మీరు చెప్పిన స్పూను పరీక్షే. నా స్పూనుతో సిల్వర్ నీడిల్ 0.8 గ్రాములు, టీగ్వాన్‌యిన్ 4.6. నోరు తెరుచుకుని ఉండిపోయాను.

గ్యొకురో: 5 గ్రాములు, 60 మి.లీ., నాలుగు కప్పులు మార్చాను. ఏమని చెప్పను! టీ అనిపించలేదు, చిక్కటి పచ్చటి చారులా నాలుక మీద బరువుగా కూర్చుంది. తీపి కాదు, ఉప్పు కాదు, ఆ రెండిటి మధ్య ఏదో కమ్మదనం. ఉమామి అంటారే, ఇదేనేమో. మింగిన పావుగంట దాకా గొంతులోనే ఉంది. వగరు అసలు లేదు. మూడోసారి నీళ్ళు బాగా వేడిగా పోస్తే మాత్రం సుద్దముక్క మళ్ళీ పలకరించింది. అప్పుడు తెలిసింది, అదే ఆకులో రెండు టీలు ఉన్నాయి, నేను రెండోదాన్నే మొదట తాగానని.

టీగ్వాన్‌యిన్ దగ్గర గైవాన్ (మూత ఉన్న చైనా టీ గిన్నె) లేదు గనక ఒక చిన్న గిన్నె, సాసర్ మూత, జల్లెడతో కానిచ్చాను. వేళ్ళు రెండుసార్లు కాలాయి. మూడోసారి వంచాక సాసర్ తిప్పి వాసన చూశాను. పువ్వు! నిజంగా పువ్వే. కప్పులో తాగితే లేదు, సాసర్‌కే ఉంది. ఏ పువ్వో చెప్పలేను. నోట్‌బుక్‌లో ‘పూలు తీసేశాక ఖాళీ బుట్ట’ అని రాసుకున్నాను. తర్వాత మూడు రోజులాగి చేసినా అదే మాట తోచింది. నాకు మాత్రం నాలుగోసారి అన్నిటికంటే బాగుంది, మూడోకప్పు గారు పేరు మార్చుకోవాలేమో ఆలోచించండి. ఆకు విప్పి చూశా, అంచున ఎర్రగీత ఉంది.

ఆ రాత్రి ఏడుసార్లు వంచుకుని తాగి తెల్లవారుజామున మూడింటి దాకా కప్పు వంక చూస్తూ కూర్చున్నాను. మొదటి నీళ్ళు పారబోస్తే కెఫీన్ పోతుందని ఎక్కడో విన్నాను, పోలేదే?

లాంగ్‌జింగ్, డార్జిలింగ్ జత పెట్టాను. మొదటిది వేపిన గింజలు, నిజమే. రెండోది నాకు కోసిన కాడల్లాగా, చల్లారాక కొంచెం తేనెలాగా అనిపించింది. నీళ్ళు మార్చాను కూడా, పాత నీళ్ళలో పొర తేలుతోంది. ల్యాబ్‌పిల్లి గారు చూడకుండానే చెప్పేశారు.

ఓడిపోయింది సిల్వర్ నీడిల్ దగ్గరే. 3 గ్రాములు, 150 మి.లీ., తెల్ల టీ సున్నితం కదా అని 75 డిగ్రీలు, 3 నిమిషాలు. మళ్ళీ వేడినీళ్ళే. రెండుసార్లు. ఇంక పన్నెండు గ్రాములే ఉంది.

ల్యాబ్‌పిల్లి:

ఐదు సెకన్లు కడిగితే కెఫీన్ పోదండీ, అది ఉత్త నమ్మకం. పోవాలంటే కొన్ని నిమిషాలు నానాలి, అప్పటికి రుచీ పోతుంది. రంగు చూసి కూడా మోసపోకండి. లేత మొగ్గల్లోనే ముదురు ఆకుల కంటే కెఫీన్ ఎక్కువ. పలచగా కనిపించే సిల్వర్ నీడిల్, ఆ గుక్కెడు గ్యొకురో, రెండూ నిద్ర చెడగొట్టగలవు. రాత్రికి హోజిచా లాంటిది చూసుకోండి. అది కాల్చిన ఆకు, చాలావరకు ముదురు ఆకు, కాడలే ఉంటాయి గనక కాస్త తేలిక.

మూడోకప్పు:

నాలుగోదే బాగుందా! మీ ఆకు ఉండలు నా ఆకు కంటే గట్టిగా చుట్టినవై ఉంటాయి, నెమ్మదిగా విచ్చుకున్నాయి. పేరు మాత్రం మార్చుకోను.

సిల్వర్ నీడిల్ సున్నితం అన్న మాటే అందరినీ దారి తప్పిస్తుంది. వాసన సున్నితం గానీ ఆకు కాదు. ఆలోచించండి: దాన్ని నలపరు, చుట్టరు, వేపరు. కోసి, వాడబెట్టి, ఆరబెడతారు, అంతే. మొగ్గ మొగ్గగానే ఉంటుంది, పైన తెల్లటి నూగు స్వెట్టర్ తొడుక్కున్నట్టు. నలిపిన ఆకులో అయితే సారం బయటే ఉంటుంది, నీళ్ళు తగలగానే దిగిపోతుంది. ఇక్కడ లోపలికి నీళ్ళు పోవడానికే టైం పడుతుంది. చాలామంది 75, 80 అని చెప్తారు, నేను 90 కంటే తక్కువ పోయను. నూగు మీద నేరుగా ధార పడకుండా గిన్నె అంచు వెంట పోసి, మూతపెట్టి 6 నిమిషాలు వదిలేయండి. మొగ్గలు కొన్ని నిలువుగా మునుగుతాయి, చూడముచ్చటగా ఉంటుంది. వగరెక్కుతుందేమోనని భయం వద్దు, నాకైతే దానితో ఎప్పుడూ ఎక్కలేదు.

పన్నెండు గ్రాములే ఉందంటున్నారు కాబట్టి అందులో నాలుగు గ్రాములు తీసి రెండుగా విడగొట్టండి. రెండు గ్రాములు 100 మి.లీ.లో నేను చెప్పినట్టు. మిగతా రెండు గ్రాములు 200 మి.లీ. చల్లటి నీళ్ళలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లనీళ్ళలో చేదు, వగరు సరిగ్గా దిగవు, తియ్యటి వాసన ఒక్కటే దిగుతుంది. పొద్దున్న వడగట్టి రెండూ పక్కపక్కన రుచి చూడండి.

వేడినీళ్ళు:

వేడిది నిన్న సాయంత్రం చేశాను. 92 డిగ్రీలు, 6 నిమిషాలు, గిన్నె అంచు వెంటే పోశాను. నాలుగు మొగ్గలు నిలబడ్డాయి, ఫొటో తీసేలోపు రెండు పడిపోయాయి. రుచి ఈసారి ఉంది! చాలా దూరం నుంచి వస్తున్నట్టు ఉంది గానీ ఉంది. ‘ఎండలో ఆరిన దుప్పటి’ అని రాసుకున్నాను, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

చల్లది ఫ్రిజ్‌లో ఉంది. పొద్దున్న లేచి చూస్తే గ్లాసు సగమైంది, ఇంట్లో ఎవరో మంచినీళ్ళనుకుని తాగేశారట. ఎలా ఉందని అడిగితే “నీళ్ళు తియ్యగా ఉన్నాయేంటి?” అన్నారు.